ట్రాక్టరు ఇంజను ఏల ఆగును?

ఎద్దు చాలులో నిలిచిపోయినయెడల కారణము కనుగొనుట రైతునకు కష్టము కాదు. కాడి మెడను ఒరసినదా, గిట్టలో ముల్లు విరిగినదా, దప్పికయా, లేక ఒట్టి మొండితనమా అన్నది పదియేండ్ల కుఱ్ఱవాడైనను దాని కన్ను చూచి, కాలు చూచి చెప్పగలడు. ట్రాక్టరు నిలిచిపోయినప్పుడు మాత్రము మనకేమియు తోచదు. దానికి కన్ను లేదు, కన్నీరు లేదు. మూగజీవమని మనము ఎద్దునందుము గాని, అసలైన మూగది యంత్రమే యని చాలమంది తలంతురు. ఆ తలంపు సరికాదు. ఆగిపోవు ఇంజను సైతము తన బాధను తన భాషలో చెప్పుచునే యుండును. ఆ భాషను నేర్చుకొనుటకు మానవునకు పెక్కేండ్లు పట్టినది. ఆ నేర్చిన చరిత్రను కొంత మనవిచేయుటయే నా యీ ప్రసంగమునకు ఉద్దేశము.

ముందుగా మా యింటి సంగతి చెప్పవలయును. మాది పల్నాటి నల్లరేగడి మెట్ట. 1974వ సంవత్సరమున మా తండ్రిగారు రెండెకరములు తాకట్టు పెట్టి ఒక ట్రాక్టరు కొనిరి. మూడు సిలిండర్ల డీజిలు ఇంజను. వారు పోయిన తరువాతను అది మా కొట్టములోనే యున్నది. కొన్నియేండ్ల క్రిందట తొలకరి పడిన మఱునాడు దానిని చేనికి తోలితిమి. అరగంట చక్కగా దున్ని ఆగిపోయెను. పావుగంట ఊరకున్న పిమ్మట తిరిగి అంటుకొని, ఇరువది నిమిషములు నడచి, మరల ఆగెను. సాయంకాలమునకు ఎకరమైనను తెమలలేదు. రేగడి నేలలో అదను మూడు నాలుగు దినములు మాత్రమే నిలుచును. ఆ లోపల విత్తు పడనియెడల మరల వానకై ఆకాశము చూడవలసినదే.

ఆ తొలి అదను మాకు దక్కలేదు. దగ్గఱి పట్టణములోని ఒక షెడ్డునకు ట్రాక్టరును చేర్చితిమి. వారు ఇంజెక్షను పంపు విప్పి, సరిచేసితిమని చెప్పి, పెద్ద మొత్తమే పుచ్చుకొనిరి. షెడ్డు వాకిట అది పది నిమిషములు గంట కొట్టినట్లు మ్రోగెను. రెండవ వాన పడినది. చేనిలో దించితిమి. అరగంటకు మరల నిలిచిపోయెను. మా అన్నగారి కుమారుడు విసిగి, "బాబాయ్, దీన్ని పాత ఇనుము కింద అమ్మేద్దాం. నాన్నకి నేను చెబుతా" అనెను. మా అన్నగారు మాటాడలేదు. తండ్రిగారు తాకట్టు విడిపించుకొనుటకు తొమ్మిదియేండ్లు పడిన పాట్లు ఆయన కన్నులార చూచినవాడు. ఆ ట్రాక్టరు ఏమైనదో చివర మనవిచేసెదను. ఈలోపల దాని పూర్వుల కథ వినవలయును.

ఇంజను అనగా ఇనుప గోడల నడుమ నిమిషమునకు వందలసార్లు వెలిగి ఆఱెడి పొయ్యి. పొయ్యికి కట్టె కావలయును, గాలి కావలయును, నిప్పు కావలయును. ఈ మూడును తగిన పాళ్లలో, తగిన క్షణమున కలియవలయును. 1876లో జర్మనీలో నికొలాస్ ఆటో అను నాతడు నాలుగు అడుగుల ఇంజనును నడపి చూపెను. పీల్చుట, నొక్కుట, మండుట, వదలుట — ఇవియే ఆ నాలుగడుగులు. నాటినుండి నేటివఱకు ఏ ట్రాక్టరు ఆగినను, కట్టెయో గాలియో నిప్పో నొక్కుడో తప్పినదని యర్థము. అయితే ఏది తప్పినదో తెలిసికొనుటయే చిక్కు.

1892లో అమెరికాలోని అయోవా రాష్ట్రమున జాన్ ఫ్రోలిక్ అను నాతడు పెట్రోలు ఇంజనును చక్రముల బండిపై నెక్కించి, ముందునకును వెనుకకును నడచునట్లు చేసెను. అంతవఱకు నూర్పిడి యంత్రములను ఆవిరి ఇంజనులు త్రిప్పుచుండెను. వానికి నీరు మోయవలయును, బొగ్గు మోయవలయును. నిప్పురవ్వ యెగిరి కుప్ప అంటుకొనునేమో యను భయము వేఱొకటి. ఫ్రోలిక్ తన బండిని దక్షిణ డకోటాకు తీసికొనిపోయి ఆ యేటి నూర్పిడి కాలమంతయు నడపెను. మఱుసటి యేడు ఒక కంపెనీ యేర్పడినది. కాని వారు అమ్మగలిగిన ట్రాక్టరులు రెండే. కొన్నవారు ఆ రెంటిని తిరిగి పంపివేసిరి. చేసినవాని చేతిలో నడచిన యంత్రము కొన్నవాని చేతిలో నడువలేదు. ట్రాక్టరు చరిత్రలో మొదటి పాఠ మిదియే యని నా యభిప్రాయము.

ఆ తరువాత అదే అయోవాలో హార్ట్, పార్ అను నిరువురు మిత్రులు ట్రాక్టరుల కొఱకే ఒక కర్మాగారము పెట్టిరి. ట్రాక్టరు అను మాట వ్యాప్తికి వచ్చినది వారి ప్రకటనల వలననే. ఇంగ్లండులో 1902లో డాన్ ఆల్బోన్ ఐవెల్ అను చిన్న ట్రాక్టరును చేసెను. ఇక కంపెనీలు పుట్టగొడుగులవలె లేచినవి. కొన్నింటి యంత్రములు మంచివి, కొన్నింటివి కాగితముపై మాత్రమే మంచివి. నెబ్రాస్కా రాష్ట్రములో విల్మట్ క్రోజియర్ అను రైతు ఇట్టిదొకటి కొని నష్టపోయెను. అతడు శాసనసభ్యుడు కూడ అగుటచేత తన దుఃఖమును శాసనముగా మార్చెను. 1919లో వచ్చిన ఆ శాసనము ప్రకారము, విశ్వవిద్యాలయములో పరీక్షకు నిలువని నమూనా ట్రాక్టరును ఆ రాష్ట్రమున అమ్మరాదు. అంతేకాదు, అమ్మువాడు విడిభాగములను రాష్ట్రములోనే సిద్ధముగా ఉంచవలయును. 1920లో పరీక్షలు మొదలైనవి. చేను దున్నుచు విసిగిన ఒకని మాట ప్రపంచమంతటి ట్రాక్టరులకు కొలబద్ద అయినది.

ఇప్పుడు నిప్పు మాట చెప్పెదను. పెట్రోలు ఇంజనులో నిప్పును విద్యుత్తు రవ్వ పుట్టించును. రాబర్ట్ బాష్ 1887లో ఇంజనులకు మాగ్నెటో చేయనారంభించెను. అతని కార్ఖానాలోనే 1902లో గాట్లోబ్ హోనోల్డ్ అధిక వోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన స్పార్కు ప్లగ్గును సిద్ధపఱచెను. ఇవి కుదిరిన పిదపనే పొలములో బ్యాటరీతో నిమిత్తము లేక ఇంజను నడచుట సులభమైనది.

హెన్రీ ఫోర్డు 1917లో ఫోర్డ్‌సన్ ట్రాక్టరును బయటకు తెచ్చెను. అది మొదటి ప్రపంచయుద్ధకాలము. జర్మను జలాంతర్గాములు ధాన్యపు నౌకలను ముంచుచుండగా బ్రిటనునకు తిండికి కటకట వచ్చినది. బ్రిటిషు ప్రభుత్వము ఆఱువేల ట్రాక్టరులను కోరెను. యుద్ధానంతరము ధర తగ్గుచు వచ్చి 1922లో 395 డాలర్లకు దిగినది. అమెరికాలో 1928లో తయారీ నిలుపునప్పటికి ఏడు లక్షలకు పైగా తయారైనవి. అంతటి యంత్రమునకును పొద్దున్నే లేచుట బద్ధకమే. దాని మాగ్నెటో చక్రములో ఇమిడియున్నది. రవ్వను పుట్టించుటకు వణకెడి తీగచుట్టలు నాలుగు. హ్యాండిలు నెమ్మదిగా త్రిప్పిన రవ్వ బలహీనము. చలికి నూనె చిక్కబడినయెడల వేగముగా త్రిప్పుటకు చేయి చాలదు. 1929లో తయారీ ఐర్లండునకు మాఱినపుడు ఈ యేర్పాటు తీసివేసి అధిక వోల్టేజి మాగ్నెటోను పెట్టిరి. ఆగిన ట్రాక్టరులు చెప్పిన మాటను ఇంజనీర్లు విన్నారని దీనివలన తెలియుచున్నది.

రెండవది కట్టె. పెట్రోలు ప్రియము, కిరసనాయిలు చవుక. కావున ఆనాటి ట్రాక్టరులు పెక్కు పెట్రోలుతో లేచి, వేడెక్కిన పిమ్మట కిరసనాయిలుతో నడచెడివి. కిరసనాయిలు వేడి లేనిదే ఆవిరి కాదు. తొందరపడి చల్లని ఇంజనుకు కిరసనాయిలు కుళాయి విప్పినవానికి అది దగ్గి ఆగిపోవును. ఆవిరి కాని బొట్లు సిలిండరు గోడల వెంట జారి క్రింది నూనెలో కలిసి దానిని పలుచన చేయును. పలుచని నూనె బేరింగులను కాపాడలేదు. అందుచేతనే రేడియేటరు ముందు తెర కట్టి వేడిని నిలుపుకొనెడివారు. సాయంకాలము పని ముగించునపుడు ముందుగా కిరసనాయిలు మూసి, కార్బురేటరు పాత్రలో పెట్రోలు నిండువఱకు నడపి, అప్పుడు ఆపెడివారు. అట్లు చేయనివాడు మఱునాటి ఉదయము హ్యాండిలు త్రిప్పి త్రిప్పి చెమటలు క్రక్కవలసినదే. ఇది పుస్తకములలోనికి ఎక్కకముందే చేతులలోనికి ఎక్కిన విద్య.

మూడవది గాలి. మోటారుకారు రోడ్డున నడచును, ట్రాక్టరు తాను లేపిన దుమ్ములోనే తాను నడచును. ఆ దుమ్ము సిలిండరులోనికి పోయినచో ఆకురాయి వేసినట్లు దానిని అరగదీయును. ఫోర్డ్‌సనులో గాలిని నీళ్లలోనుండి పోనిచ్చి కడిగెడివారు. పిమ్మట నూనె పళ్లెము వచ్చినది. మన పాత ట్రాక్టరులలో ఇప్పటికిని కనబడునది ఈ నూనె పళ్లెమే. అది బురదతో నిండినచో ఇంజనుకు ఊపిరి సలుపదు. నల్లని పొగ వదలుచు, బరువు తగిలిన చోట కుంగిపోవును.

ఈ విద్య లేనిచోట యంత్ర మెట్లుండునో సోవియట్ దేశపు కథ చెప్పుచున్నది. వారు 1920 తరువాతి యేండ్లలో ఫోర్డ్‌సనులను వేలకొలది కొనిరి. 1924లో లెనిన్‌గ్రాడులోని పుతీలోవ్ కర్మాగారమున వానికి నకళ్లను చేయనారంభించిరి. కాని గ్రామములలో బాగుచేయువారు కఱవు, భాగములు కఱవు. ఎన్నో ట్రాక్టరులు పొలములలో పనిలేక నిలిచినవి. కడకు యంత్రములను, మెకానిక్కులను ఒక్కచోట చేర్చి ట్రాక్టరు స్టేషనులను స్థాపింపవలసి వచ్చెను. 1933లో పాషా ఆంజెలినా అను ఉక్రెయిను ప్రాంతపు యువతి స్త్రీలతోనే ఒక ట్రాక్టరు దళమును నడపి పేరుగాంచెను. మొదట ట్రాక్టరు వచ్చును, దానిని అర్థము చేసికొన్న మనిషి తరువాత వచ్చును. ఈ నడుమ పోవునది రైతు పంట. ఇది ఏ యొక్క దేశమునకో పరిమితమైన మాట కాదు.

ఇంక డీజిలు. రుడాల్ఫ్ డీజిలు ఆలోచన మిక్కిలి సాహసమైనది. రవ్వయే వలదు, గాలిని పదునాఱు పదునేడింతలు నొక్కినచో అది 500 డిగ్రీలకు మించి కాగును, అందులోనికి నూనె చిమ్మినచో తనంత తానే మండును. 1897లో ఆగ్స్‌బర్గు నగరమున అతని ఇంజను తాను పుచ్చుకొన్న వేడిలో నూటికి 26 వంతులు పనిగా మార్చి చూపెను. నాటి ఆవిరి ఇంజనులకు అది అందని సంగతి. కాని ఆ ఇంజనులో నూనెను చిమ్ముటకు వేఱుగా గాలిని నొక్కెడి భారీ యంత్రము కావలసివచ్చెను. దానిని చేనిలోనికి ఎట్లు దించుట? నూనెను నూనె వత్తిడితోనే చిమ్ముట కుదిరినగాని డీజిలు ట్రాక్టరు సాధ్యము కాలేదు. 1923లో జర్మనీలో బెంజ్-సెండ్లింగ్ వారి డీజిలు దుక్కియంత్రము వచ్చెను. 1927లో బాష్ కార్ఖానా ఇంజెక్షను పంపులను పెద్దయెత్తున చేయనారంభించెను. 1931లో అమెరికాలో కాటర్పిల్లరు వారు డీజిలు ట్రాక్టరును అమ్మకమునకు పెట్టిరి.

ఇట్లు నిప్పు చిక్కు తీఱినది. కాని కట్టె చిక్కు నూఱింతలైనది. పంపులోని దండమునకును దాని గొట్టమునకును నడుమ సందు తలవెండ్రుకలో ఇరువదవ వంతు మాత్రమే. పాత ట్రాక్టరులలో నాజిలు తెఱచుకొనుటకు చదరపు అంగుళమునకు రెండు మూడువేల పౌనుల వత్తిడి కావలయును. ద్రవమును నొక్కిన అది లొంగదు. కావున ఆ వత్తిడి నేరుగా నాజిలును చేరును. కాని దారిలో ఆవగింజంత గాలిబుడగ యున్నను, పంపు నొక్కినపుడు బుడగ కుంచించుకొనును, వదలినపుడు ఉబ్బును. నాజిలు తెఱచుకొనదు. ఇంజను ఆగును. మన మేస్త్రీలు దీనినే గాలి పట్టుట యందురు. వదులైన బిగింపు, అరిగిన రాగి వాషరు, పగిలిన రబ్బరు గొట్టము — ఎచ్చటినుండియైనను ఆ బుడగ దూరవచ్చును. డీజిలు చుక్కయైనను కారని సందు గాలిని లోనికి పీల్చవచ్చును. కన్నులకు కనబడని ఈ దొంగను పట్టుటయే డీజిలు మేస్త్రీకి పరీక్ష.

మన దేశమునకు ట్రాక్టరులు పెద్దయెత్తున వచ్చినది రెండవ యుద్ధము తరువాత. అమెరికను సైన్యము విడిచిపోయిన యంత్రములను సరిచేసి, కేంద్రప్రభుత్వము 1947లో ఒక ట్రాక్టరు సంస్థను నెలకొల్పెను. రెల్లుగడ్డి పాతుకొనిపోయి నాగలికి లొంగని మధ్యభారతపు భూములను విడిపించుట దాని పని. 1949లో ప్రపంచబ్యాంకు మన దేశమునకు ఇచ్చిన రెండవ అప్పు, కోటి డాలర్లు, ఈ యంత్రముల కొఱకే. 1955లో మధ్యప్రదేశమునందలి బుధ్నీలో ట్రాక్టరు శిక్షణకేంద్రము పెట్టబడినది. తరువాత అచ్చటనే ట్రాక్టరులను పరీక్షించుటయు మొదలైనది. నెబ్రాస్కా రైతు వేసిన విత్తు ఇచ్చట మొలచినదనవచ్చును. మన అనంతపురము జిల్లాలోని గార్లదిన్నెలో దక్షిణభారతమునకై అట్టి సంస్థయే యొకటి గలదు. 1959లో ఫరీదాబాదున మన దేశపు తొలి ట్రాక్టరు తయారైనది. ఇప్పుడు తెలంగాణములోని జహీరాబాదు కర్మాగారమునుండి సైతము ట్రాక్టరులు బయటకు వచ్చుచున్నవి.

ఇక మా కొట్టమునకు వత్తము. రెండవ అదనులో ఇంక రెండు దినములే మిగిలియున్నవి. మా అన్నగారు పొరుగూరినుండి ఒక ముసలి మేస్త్రీని పిలిపించిరి. ఆయన సంచిలో నాలుగు స్పానర్లు, ఒక గుడ్డపేలిక తప్ప మఱేమియు లేవు. వచ్చీరాగానే ట్రాక్టరును ముట్టలేదు. చెట్టు నీడను కూర్చుండి మమ్ము ప్రశ్నింప నారంభించెను.

"బాబుగారూ, ఆగేటప్పుడు టక్కున ఆగుతుందా, ఎగశ్వాస పెట్టి ఆగుతుందా?"

"ఎగశ్వాస పెట్టి" అంటిని.

"పొగేమైనా వదులుతుందా?"

"లేదు."

"ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు తొందరగా ఆగుతుందా, సగముంటే తొందరగా ఆగుతుందా?"

ఈ ప్రశ్నకు మేమందఱము మొగమొగములు చూచుకొంటిమి. మా అన్నగారి కుమారుడే కొంచెము తలచి, నిండుగా నున్నప్పుడే త్వరగా ఆగుచున్నదని చెప్పెను. మేస్త్రీ తల యూచి, ట్రాక్టరును నడిపింపుమనెను. ఇరువదియైదు నిమిషములకు ఇంజను ఆయాసపడసాగెను. ఆగిన మఱుక్షణమున ఆయన డీజిలు ట్యాంకు మూతను త్రిప్పెను. ఉస్సుమని గాలి లోనికి దూకిన చప్పుడు మేమందఱము వింటిమి.

ట్యాంకు మూతకు సూదిబెజ్జమంత రంధ్ర మొకటి యుండును. డీజిలు తఱిగిన కొలది దానిగుండ గాలి లోనికి వచ్చి ఆ చోటును నింపవలయును. ఆ బెజ్జము మూసికొనిపోయినచో ట్యాంకులో శూన్యము పెరిగి డీజిలును వెనుకకు పట్టియుంచును. నిండు ట్యాంకులో డీజిలు పైన గాలికి చోటు తక్కువ. కావున శూన్యము త్వరగా పెరుగును. కొంతసేపు ఊరకున్నచో సందులనుండి గాలి మెల్లగా దిగి శూన్యము తీఱును. ఇంజను మరల లేచును. షెడ్డు వాకిట పది నిమిషములలో ఈ జబ్బు బయటపడకపోవుటలో వింత లేదు. పంపునకు ఏ దోషమును లేదు.

మేస్త్రీ మూతను వెలుతురునకు ఎత్తి చూచెను. బెజ్జము నిండ ఎఱ్ఱరంగు. "రంగు ఎవరేశారు?" అని అడిగెను. మా అన్నగారి కుమారుడు తల వంచుకొనెను. ఉగాదికి తాతగారి ట్రాక్టరు క్రొత్తదానివలె నుండవలయునని వాడే స్వయముగా దానికి రంగు వేసియుండెను. వాడు దానిని పాత ఇనుము క్రింద అమ్మివేయుద మన్నమాట వెనుక ఎంత బాధ యున్నదో నాకప్పుడు తెలిసినది.

మేస్త్రీ సన్నని తీగతో బెజ్జము పొడిచి, ఊది చూచెను. శూన్యము లాగినప్పుడు ఎచ్చటనో బుడగ దూరి యుండునని, ఫిల్టరు మీది మరను వదులుచేసి, చేతిపంపు కొట్టుమని వానికే చెప్పెను. నురుగుతో కూడిన డీజిలు వచ్చినది, తరువాత బుడగలు, ఆపైన శుద్ధమైన ధార. అప్పుడు మర బిగించిరి. ఇంజను లేచెను. ఆనాడు ప్రొద్దు గ్రుంకినను, దీపములు వేసికొని రాత్రి పదిగంటలవఱకు తోలితిమి. మఱునాటి సాయంకాలమునకు మిగిలిన ఏడెకరములలోను విత్తు పడినది.

శ్రోతలలో పాత ట్రాక్టరు గలవారు కొందఱుందురు. వారికి నాదొక మనవి. ఆగినదే తడవుగా ఖరీదైన భాగమును విప్పింపకుడు. ఎట్లు ఆగినది, ఎంతసేపటికి ఆగినది, ఏ పొగ వచ్చినది, మరల ఎప్పుడు లేచినది — ఇవి నాలుగును కాగితముపై వ్రాసికొనుడు. ట్యాంకునుండి నాజిలు వఱకు డీజిలు నడచు దారిని, మొదటి చోటునుండి ఒక్కొక్కటిగా చూచుకొనుచు పొండు. ఫ్రోలిక్ నాటినుండి నేటివఱకు పొలములో ట్రాక్టరును నిలబెట్టినవా రందఱును చేసిన పని యిదియే. మా ట్రాక్టరు ఇప్పటికిని నడచుచున్నది. మా అన్నగారి కుమారుడు ప్రతి ఉగాదికిని దానికి రంగు వేయుచునే యున్నాడు. అయితే ముందుగా మూత విప్పి ప్రక్కన పెట్టుచున్నాడు.